జమ్ము కోసే నెల

మార్చి 1

నిధి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మా యువజన కేంద్రానికి ఇస్తున్న ప్రభుత్వ సాయం జూన్‌తో అయిపోతుంది. మళ్ళీ ఐదేళ్ళు ఇవ్వాలా, తాళం వేయించాలా అన్నది ఈసారి మడుగు శుభ్రం చేసే శిబిరం చూసి, ఏప్రిల్ పదిహేను లోపల నేను పంపే నివేదికను బట్టి తేలుస్తారట. తాళం అన్న మాట వాళ్ళు రాయలేదు, "పునఃపరిశీలన" అన్నారు. నాకు మాత్రం తాళమే కనిపించింది.

అమ్మకి చదివి వినిపించాను. "పోతే పోనీవే, పీడా వదిలిపోతుంది" అంది. పీడా అట! ముప్ఫై మూడో ఏట బడిలో ఉద్యోగం మానేసి, మడుగు గట్టున రెండు గదులు తీసుకుని కూర్చున్నదాన్ని. ఇప్పుడు నలభై అయిదు. నాకు ఇంకేం చేతనవును? ఒళ్ళు మండి కంచం ముందు నుంచి లేచిపోయాను. గంట పోయాక నేనే వెళ్ళి పెట్టుకుని తిన్నాను. అమ్మ చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

మార్చి 4

శిబిరం మొదలైంది. ఇరవై ఇద్దరు. పదహారు మంది ఇక్కడి కాలేజీల వాళ్ళు, ఆరుగురు దేశాలు దాటి వచ్చినవాళ్ళు. తెల్లారేసరికి అందరినీ మోకాలి లోతు నీళ్ళలో వరసగా నిలబెట్టాను. కొడవళ్ళు పంచాను. ఎప్పటిలాగే అడ్డంగా తాడు కట్టి, తాడు దాకా నీళ్ళని కమ్మేసిన జమ్ము గడ్డి కోసుకుంటూ వెళ్ళడం, కట్టలు కట్టి గట్టు మీదికి లాగడం, మళ్ళీ తాడు ముందుకు జరపడం. పదిహేడు రోజుల్లో రెండెకరాల నీళ్ళు బయటపడాలి. గట్టు మీద కెమెరా కోసం పాతిన ఇనపగొట్టం ఉంది. ఆ గొట్టం మీద కెమెరా పెట్టి "ముందు" ఫోటో తీశాను. ఆఖరి రోజు అక్కడే పెట్టి "తర్వాత" తీస్తాను. నిధి ఆఫీసు వాళ్ళకి ఈ రెండు ఫోటోలంటే ప్రాణం.

విదేశీ పిల్లల్లో ఒకతి వచ్చిన పూటే మా గుమ్మానికి రెండుసార్లు తల కొట్టుకుంది. మనవాళ్ళు పొడుగు పిల్ల అని పేరు పెట్టేశారు. వాళ్ళ దేశంలో పక్కింటావిడ దగ్గర ఏడాది పాటు మన భాష నేర్చుకుందట. అందరినీ మీరు అంటుంది. కేంద్రం కుక్కని కూడా "మీరు తిన్నారా?" అని అడిగింది. చాలా రోజుల తర్వాత పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

మార్చి 6

గట్టు మీద లెక్కల మాస్టారు కనిపించారు. రిటైరైన దగ్గర్నుంచి, అంటే పద్దెనిమిదేళ్ళుగా, ప్రతి ఆదివారం మెడలో బైనాక్యులర్స్ వేసుకొచ్చి మడుగులో పక్షుల్నీ గూళ్ళనీ లెక్కపెట్టి నోట్‌బుక్కులో రాసుకుంటారు. ఈరోజు బుధవారం. బుధవారం ఎందుకొచ్చారో మరి.

"అమ్మాయ్, ఓ పది నిమిషాలు నీతో మాట్లాడాలి" అన్నారు.

"శిబిరం అయిపోనివ్వండి మాస్టారూ, ఊపిరాడట్లేదు" అన్నాను.

ఆయన ఏం మాట్లాడాలనుకున్నారో నాకు తెలియదు.

మార్చి 7

నీటికోళ్ళు బాగా తగ్గాయి. మడుగులో నీళ్ళు తగ్గాయి కదా, అందుకు. పై ఊళ్ళ వాళ్ళు మోటార్లు పెట్టి తోడేస్తున్నారు. అంతే.

మార్చి 9

పొద్దున పది గంటలప్పుడు పొడుగు పిల్ల నీళ్ళలో నుంచి టోపీ రెండు చేతులతో పట్టుకుని నడిచొచ్చింది. టోపీలో గుడ్లు. ఎనిమిది. మూడు పగిలాయి, సొన టోపీలోకి కారుతోంది. జమ్ము మొదట్లో గూడుందట, చూసుకోకుండా కొడవలి వేసేసిందట.

"అక్కా, ఇవి ఎవరివి?" అంది.

"పాతవిలే. వదిలేసిన గూడు. తల్లి ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది" అన్నాను.

ఎంత చల్లగా చెప్పానో! చెప్పి, ఒక గుడ్డు చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది. ఎండకి వేడెక్కి ఉంటుంది అనుకున్నాను. గూడేమో జమ్ము నీడలో ఉంది. ఆ పిల్ల నా ముఖంలోకే చూస్తోంది. పగలని ఐదింటినీ గట్టు మీద కోసిన జమ్ము మోపులో గుంట చేసి పెట్టించాను. "తల్లి వస్తుంది" అన్నాను. ఇప్పుడే కదా తల్లి వెళ్ళిపోయిందన్నావు అని ఆ పిల్ల అడగలేదు.

మార్చి 10

గుడ్లు లేవు. కాకులు.

సాయంత్రం నేనే మాస్టారింటికి వెళ్ళాను. కాళ్ళే లాక్కెళ్ళాయి. ఆయన భార్య మంచినీళ్ళిచ్చి, "మీరు మాట్లాడుకోండి" అని లోపలికి వెళ్ళిపోయింది. మాస్టారు బల్ల మీద నోట్‌బుక్కులన్నీ పరిచి ఉంచారు. నా కోసమే ఎదురు చూస్తున్నట్టున్నారు.

లెక్కల మాస్టారు కదా, ఉపన్యాసం ఇవ్వలేదు. నోట్‌బుక్కులు ఒక్కొక్కటే తెరిచి మార్చి నెల పేజీ దగ్గర వేలు పెట్టారు. నీటికోళ్ళ గూళ్ళు. మేం రాకముందు ఏడాది అరవై ఒకటి. మేం వచ్చిన ఏడాది యాభై రెండు. తర్వాత నలభై నాలుగు. ముప్ఫై. ఇరవై ఆరు. ఆయన వేలు కిందికి జారుతూనే ఉంది. పోయినేడు తొమ్మిది. ఈ ఏడాది శిబిరానికి ముందు నాలుగు.

"నిన్నటితో మూడు" అన్నాను.

"తెలుసు. గట్టు మీద నుంచి చూశాను" అన్నారు.

నోట్‌బుక్కు మూసి, "జమ్ము కొయ్యొద్దని నేను అనట్లేదమ్మా. కొయ్యకపోతే మడుగు పూడిపోతుంది. మార్చిలో కొయ్యొద్దంటున్నాను. అవి పొదిగేది ఇప్పుడు. పిల్లలు ఈత నేర్చేదాకా ఆగి జూలైలో కోస్తే ఏ గొడవా లేదు. నాలుగో ఏట నీకు చెప్పాను, గుర్తుందా?" అన్నారు.

గుర్తుంది. ఎందుకు లేదూ? మరుసటి ఏడాది నెల మార్చేస్తామని మాటిచ్చాను కూడా. నిధి ఆఫీసుకి ఫోన్ చేశాను. సాయం జనవరి ఆఖర్లో వస్తుంది, మార్చి ముప్ఫై ఒకటి లోపల పని జరిగినట్టు చూపించాలి. "జూలై అంటే వచ్చే ఆర్థిక సంవత్సరంలోకి పోతుంది మేడం, మీకు ఒక ఏడాది శిబిరం ఉండదు" అన్నాడు అప్పటి ఆఫీసరు. ఒక ఏడాది శిబిరం లేకపోతే కేంద్రాన్ని అందరూ మర్చిపోతారని హడలిపోయాను. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఒక్క ఏడాది శిబిరం ఆపి ఉంటే సరిపోయేది.

లేవబోతుంటే మాస్టారు చెయ్యి పట్టుకున్నారు. ఆయన ఎప్పుడూ అలా పట్టుకోరు.

"నాకు ఇంకేం వద్దమ్మా. ఈ లెక్క నీ నివేదికలో పెట్టు. ఆఫీసువాళ్ళు చూస్తే నెల వాళ్ళే మారుస్తారు. మనుషులే కదా."

పెడితే కేంద్రం పోతుంది మాస్టారూ అని అనలేకపోయాను. ఆలోచిస్తానన్నాను.

మార్చి 12

పొడుగు పిల్ల ఈ పూట నీళ్ళలోకి దిగలేదు. గట్టు మీద కూర్చుంది. తక్కినవాళ్ళు కోస్తూనే ఉన్నారు గానీ అందరి చూపూ ఇటే. దగ్గరికెళ్ళి "ఒంట్లో బాలేదా?" అన్నాను.

"బాగుంది. కొయ్యను. అక్కా, మీసాలాయన చెప్పారు. పోయిన సంవత్సరం కూడా గుడ్లు వచ్చాయి. మీరు, మాట్లాడకండి, కట్టలో కలిపేయండి అన్నారు. నిజమా?"

మీసాలాయన అంటే ఇక్కడి కాలేజీ కుర్రాడే, శిబిరానికి మూడో ఏడు వస్తున్నాడు. నేను అన్న మాట నిజమే. పిల్లలు బెంబేలెత్తుతారని అన్నాను. ఈ డైరీలో కూడా ఎప్పుడూ రాసుకోలేదు.

చిర్రెత్తుకొచ్చింది. "నువ్వు పదిహేడు రోజులుండి పోయేదానివి. ఇక్కడ పన్నెండేళ్ళ నుంచి చస్తున్నది నేను! మీ దేశం నుంచి వచ్చి నాకు నీతులు చెప్తావా?" అని అందరి ముందూ అరిచేశాను. ఆ పిల్ల లేచి నిలబడింది. అంత పొడుగు మనిషి నా ముందు చిన్నపిల్లలా ఏడ్చింది. "మా అమ్మకి ఫోన్లో చెప్పాను, నేను పక్షుల్ని కాపాడుతున్నాను అని" అంది.

నేనూ మా అమ్మకి అదే చెప్తూ వచ్చాను.

మార్చి 13

అందరూ పనిలోకి దిగారు. ఆ పిల్ల తప్ప.

మార్చి 15

నిధి ఆఫీసరు వచ్చాడు. కొత్తవాడు, మర్యాదస్తుడు, బూట్లు తడవకుండా గట్టు మీదే నిలబడ్డాడు. "ఎంత శుభ్రంగా ఉంది మేడం! అద్దంలా ఉంది" అన్నాడు. నిజంగానే అద్దంలా ఉంది, అందులో మబ్బులు తప్ప ఏమీ లేవు. "పక్షులు వస్తాయా?" అనడిగాడు. "వస్తాయండీ, పొద్దున్నే వస్తాయి" అన్నాను. పళ్ళికిలించాను కూడా. పిల్లలతో ఫోటో దిగాడు. పొడుగు పిల్లని మధ్యలో నిలబెట్టమన్నాడు, దూరం నుంచి వచ్చినట్టు తెలియాలని. ఆ పిల్ల నిలబడింది. నవ్వలేదు.

మార్చి 20

"తర్వాత" ఫోటో తీశాను. శిబిరం అయిపోయింది. బస్సు ఎక్కే ముందు పొడుగు పిల్ల నా దగ్గరికి వచ్చింది. క్షమించమని అడగాల్సింది నేను. దాని సంచీ అందుకుని బస్సులో పెట్టాను.

"అక్కా, మీరు వాళ్ళకి చెప్తారా?"

"చెప్తాను."

"రాసి?"

"రాసే."

అప్పుడు వంగి నన్ను గట్టిగా పట్టుకుంది. దాని జుట్టులో ఇంకా మడుగు వాసన. బస్సు కదిలాక గదిలోకెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. ఏడ్చినంతసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని కొడవళ్ళు లెక్క చూసుకున్నాను. ఇరవై రెండూ ఉన్నాయి.

మార్చి 28

నివేదిక మొదలుపెట్టాను. మొదటి పేజీ, మొదటి వాక్యం: "మా శిబిరం జరిగే నెల వల్ల ఈ మడుగులో నీటికోళ్ళు దాదాపు అంతరించిపోయాయి." రాసి చూసుకున్నాను. ఎంత తేలిగ్గా ఉందో ప్రాణం! ఇన్నేళ్ళలో నేను రాసిన మొదటి నిజమైన వాక్యం. అమ్మని పిలిచి చూపించాను.

"ఇది పంపితే మూసేస్తారు కదే" అంది.

"మూస్తే మూయనీ. పీడా వదుల్తుందన్నావుగా!"

"అంటాం. అన్నవన్నీ జరగాలనా?" అంది అమ్మ. అమ్మ కూడా భయపడిందని అప్పుడే తెలిసింది.

ఏప్రిల్ 3

మొదటి పేజీలోనే అలా పొడిచినట్టు ఉంటే తక్కినది చదవరు. ముందు మంచి చెప్పి, తర్వాత ఇది చెప్పాలి. ఎవరైనా అలాగే చేస్తారు. ఆ వాక్యాన్ని ఏడో పేజీకి మార్చాను. వాక్యం మాత్రం అదే.

ఏప్రిల్ 8

"అంతరించిపోయాయి" అన్నది మరీ పెద్ద మాట. మూడు గూళ్ళున్నాయి కదా. "తగ్గుముఖం పట్టాయి" అని దిద్దాను. "మా శిబిరం జరిగే నెల వల్ల" అని నేనెలా చెప్పగలను? నేను శాస్త్రవేత్తనా? మోటార్లతో నీళ్ళు తోడడం కూడా ఉంది. ఆ ముక్క తీసేశాను.

మాస్టారు ఎదురుపడ్డారు. "రాస్తున్నావా అమ్మా?" అన్నారు. "మీ లెక్క మొత్తం పెడుతున్నానండీ" అన్నాను. ఆయన ముఖం విప్పారింది. నోట్‌బుక్కులు సంచీలో వేసి తనే తెచ్చిచ్చారు. జిరాక్స్ తీయించి మళ్ళీ భద్రంగా ఇచ్చేయమన్నారు.

ఏప్రిల్ 14

పూర్తయింది. నూట నలభై పేజీలు. ఏడో పేజీలో ఇలా ఉంది: "ఈ కాలంలో మడుగులోని జీవవైవిధ్యంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించింది. వివరాలకు నాలుగో అనుబంధం చూడగలరు." మార్పు అన్నది అబద్ధం కాదు. ఒకటో అనుబంధం హాజరు పట్టీలు, రెండు ఫోటోలు, మూడు పేపర్లో వచ్చిన వార్తలు. నాలుగు మాస్టారి లెక్క, పద్దెనిమిదేళ్ళది, ఒక్క పేజీ కూడా తగ్గించలేదు. కావాలంటే తీసేయొచ్చు. తీయలేదు. చూసేవాళ్ళకి అంతా కళ్ళ ముందే ఉంది.

ఏప్రిల్ 15

పంపేశాను. మాట నిలబెట్టుకున్నాను.

ఏప్రిల్ 16

లెక్క లోపల ఉంది కదా.

ఏప్రిల్ 30

పొడుగు పిల్ల దగ్గర్నుంచి మెసేజ్: "అక్కా, చెప్పారా?" "చెప్పాను, రాసి" అని పంపాను. వెంటనే ఏడెనిమిది పువ్వుల బొమ్మలు పంపింది. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేశాను.

మే 11

జవాబు లేదు. మూసేస్తారని లోపల్లోపల అనుకుంటున్నాను. ఇక్కడ దాచుకోవడం ఎందుకు, మూసేస్తే బాగుండునని అనుకుంటున్నాను. వాళ్ళు నాలుగో అనుబంధం తిప్పి, ఏటేటా కిందికి జారిన ఆ అంకెలు చూసి, ఛీ కొట్టి, కేంద్రానికి తాళం వేయాలి. అప్పుడు మార్చిలో ఎవరూ దిగరు. నేను ఏమీ చెయ్యక్కర్లేకుండా అన్నీ సర్దుకుంటాయి. రోజూ పోస్టు కోసం చూస్తున్నాను. అమ్మ "ఏమైందే నీకు, ఆ చూపేమిటి?" అంటోంది.

మే 29

ఆఫీసరు ఫోన్ చేశాడు.

"కంగ్రాచ్యులేషన్స్ మేడం! ఐదేళ్ళు ఇచ్చేశారు."

ఆనందంతో నాకు మాట రాలేదనుకున్నాడు.

"మీ నివేదిక కమిటీలో అందరికీ నచ్చింది. ముఖ్యంగా ఆ పక్షుల లెక్క. పద్దెనిమిదేళ్ళ రికార్డు అంటే మాటలా మేడం? అంత కష్టపడి ఎవరు పెడతారు? పెద్దాయన ఒకరు దాన్ని చేత్తో ఇలా ఎత్తి చూపించారు."

"చూశారా? అంకెలు చూశారా?" అన్నాను.

"ఆహా, వివరంగా ఉందండీ. అందుకే ఈసారి పని రెట్టింపు చేయమన్నారు. నాలుగెకరాలు, నలభై మంది పిల్లలు. మీరు కాదనకూడదు."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఫోన్ చెవి దగ్గరే ఉంది. "సార్, నెల మార్చండి" అంటే మూడు మాటలు. పన్నెండేళ్ళు నేర్చుకున్న మర్యాదే ముందు నోటికొచ్చింది. "థాంక్యూ అండీ" అన్నాను. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది.

జూన్ 2

ఆదివారం. ఎలా తెలిసిందో, మాస్టారు పొద్దున్నే కేంద్రానికి వచ్చేశారు. మెడలో బైనాక్యులర్స్ లేవు. గుమ్మంలోంచే, "ఇచ్చారట కదమ్మా!" అన్నారు.

"ఇచ్చారండీ."

"లెక్క చూశాకే ఇచ్చారా?"

"చూశాకే. కమిటీలో అందరికీ చూపించారట."

ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడిచారు, మళ్ళీ తుడిచారు. "చూశావా, నేను చెప్పలా? మనుషులే కదమ్మా. చూపిస్తే చూస్తారు. చూపించేవాళ్ళు ఉండాలి గానీ" అన్నారు. నేను గోడ మీది "తర్వాత" ఫోటో వైపు చూస్తూ నిలబడ్డాను.

"అయితే ఇక మార్చిలో కొయ్యరు."

అడగలేదు ఆయన. లెక్క ముగించి కింద గీత గీసినట్టు అన్నారు.

"కొయ్యరండీ" అన్నాను.

"అయితే నేను మానేస్తానమ్మా. రెండేళ్ళ నుంచి కళ్ళు సరిగ్గా ఆనట్లేదు, గట్టు మీద రెండుసార్లు పడ్డాను కూడా. మీ పిన్నిగారు పోరుతూనే ఉంది. నేను మానేస్తే చూసేవాడు ఉండడని వేలాడుతూ వచ్చాను. ఇప్పుడు పైవాళ్ళే చూస్తున్నారుగా."

లేచి, నా తల మీద చెయ్యి వేసి, కర్ర పోటేసుకుంటూ వెళ్ళిపోయారు. గేటు దాకా కూడా వెళ్ళలేదు నేను. వెళ్ళాలి, చెప్పాలి, ఇప్పుడైనా చెప్పాలి అనుకుంటూ ఆ గదిలోనే ఉన్నాను. నా అంత పిరికిదాన్ని నేను చూడలేదు.

జూన్ 7

ఒప్పందం కాగితాలు వచ్చాయి. శిబిరం తేదీలు ముందే అచ్చేసి ఉన్నాయి, మార్చి మూడు నుంచి. ఐదేళ్ళకీ అవే. సంతకం చేసి పంపాను.

జూన్ 9

ఆదివారం. గట్టు మీద ఎవరూ లేరు. పదకొండింటికి మాస్టారి భార్య ఫోన్ చేసింది.

"పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి, ఆదివారం పూట ఈయన ఇంట్లో ఉన్నారమ్మా. పొద్దున టిఫిన్ తిని, హాయిగా కాళ్ళు చాపుకుని పడుకున్నారు. పిలిచినా లేవకుండా గురక పెడుతున్నారు, అంత నిద్ర. ఇన్నాళ్ళూ ఆ మడుగు దిగులుతో కలత నిద్రేగా ఆయనకి. నువ్వు రాసి పంపావు గనక ఆయన మనసు కుదుటపడింది. అంతా నీ పుణ్యమేనమ్మా" అంది.

"నాదేముందండీ" అన్నాను.